నాలుగు మూలల పసుపు

మొన్న గురువారం పొద్దెక్కాక, వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తుంటే మా ఇంటి ముందు ఒక తెల్లకారు ఆగింది. కారు నెత్తిన ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద నల్ల టోపీలు పెట్టుకుని నవ్వుతున్న పిల్లలు, కింద ఎర్రటి అక్షరాల్లో ‘ఉచిత సీట్లు, ఉచిత హాస్టల్, ఫీజు మొత్తం స్కాలర్‌షిప్పే’ అని రాసి ఉంది. కళ్ళజోడు లేకుండానే చదివేశాను. ఆ మాటలు నాకు కంఠతా వచ్చు. మా ఊరు దుమ్ముగూడెం దాటాక, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఎండాకాలంలో ఇక్కడికి మూడు రకాల బండ్లు వస్తాయి. బీడీలు చుట్టే తునికాకు కల్లానికి లారీ, మామిడికాయలకు ట్రాలీ, ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికి ఈ తెల్లకార్లు. మొదటి రెండూ ఏం తీసుకుపోతాయో అందరికీ కనబడుతుంది.

కారులోంచి దిగింది మగమనిషి కాదు. ఇరవయ్యేడేళ్ళ అమ్మాయి. మెడలో కాలేజీ కార్డు, చంకలో లావుపాటి ఫైలు. గడప బయటే చెప్పులు విప్పి, “అత్తా, బాగున్నవా?” అంది. గొంతు వినగానే నా చేతిలోని చింతపండు చేతిలోనే ఉండిపోయింది. మా అరుగు మీద ఓనమాలు దిద్దిన పిల్ల అది. అది అలాంటి కారులో, అలాంటి ఫైలుతో ఎందుకు దిగిందో చెప్పాలంటే తొమ్మిదేళ్ళ వెనకటి ఎండాకాలానికి పోవాలి. ఇష్టమై పోవడం లేదు. కానీ ఆ సంగతిలో నా పాలు ఉంది, ఇన్నాళ్ళూ దీపం దగ్గర తప్ప ఎక్కడా చెప్పలేదు.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాన్న చాటలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఇంట్లో పెట్టెడు పురాణాలు ఉండేవి. పన్నెండేళ్ళు నిండేసరికి అవన్నీ బిగ్గరగా చదివి మా అమ్మకు వినిపించాను. అయితే నాకు చదువొచ్చునని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. పుట్టిన తేదీ కాగితం కూడా లేదు. ఓటరు జాబితా రాయడానికి వచ్చినాయన నా ముఖం కాసేపు చూసి తనకు తోచిన ఏడాది వేసుకున్నాడు, ఇప్పటికీ అదే నా వయసు. అందుకేనేమో, ముద్ర పడిన కాగితం కనిపిస్తే నాకు కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది. పెళ్ళయిన ఆరేళ్ళకే మా ఆయన పోతే ఒక ట్రంకుపెట్టెతో తమ్ముడింటికి వచ్చాను. తమ్ముడు గానీ మరదలు గానీ నన్ను ఒక్కనాడూ బరువనుకోలేదు. ఆ ఒక్కదానికే రాముడికి ఎన్ని దండాలు పెట్టినా తీరదు. దండాలు పెట్టడంలో నేను పిసినారిని కాను కూడా. “మా అక్క కరెంటొస్తె దండం పెడ్తది, పోతె గూడ ఇంతసేపు ఉన్నందుకు దండం పెడ్తది,” అని తమ్ముడు నలుగురిలో నవ్వేవాడు. నిజమే. మేలు చేసినవాళ్ళకు మొక్కడం ఒక అలవాటు, మేలు చేస్తామన్నవాళ్ళకు ముందే మొక్కడం ఇంకో అలవాటు. ఆ రెండోదే కొంప ముంచింది.

తమ్ముడికి ఒక్కతే కూతురు, నా మేనకోడలు. దానికి ఒక నేస్తం ఉండేది, మా ఊరి అవతలి కోయగూడెం పిల్ల. వాళ్ళింట్లో కోయమాటే. ఐదేళ్ళప్పుడు మా అరుగెక్కి కూర్చున్ననాడు ఆ పిల్లకు తెలుగు రెండు మూడు మాటలకు మించి రాదు. ఇద్దరికీ నేనే అక్షరాలు దిద్దించాను, మా నాన్న పద్ధతిలోనే, చాటలో బియ్యం పోసి. దిద్దడం అయ్యాక ఆ బియ్యమే కడిగి వండేదాన్ని. “అత్తా, ఇయ్యాల నేను ‘క్ష’ తిన్న,” అనేది ఆ పిల్ల. ఇద్దరూ నన్ను అత్తా అనే పిలిచేవాళ్ళు. పదో తరగతిలో మేనకోడలికంటే ఆ పిల్లకే ఎక్కువ మార్కులు వచ్చాయి. మా మరదలు రెండు రోజులు అన్నం గిన్నె చప్పుడు చేస్తూ వడ్డించింది. ఇంటర్ ఇద్దరూ భద్రాచలంలో హాస్టల్లో ఉండి చదివారు. ఇద్దరికీ ఒకటే కోరిక, వ్యవసాయం డిగ్రీ. సర్కారు కాలేజీలో సీటు వస్తే స్కాలర్‌షిప్పు మీద నాలుగేళ్ళు గడిచిపోతాయి. రాకపోతే మా మిర్చితోట అమ్మినా చాలదు, వాళ్ళకైతే అమ్మడానికి తోటే లేదు. సీటు వచ్చాక, చెప్పిన రోజులోపల అసలు కాగితాలన్నీ ఆ కాలేజీలో ఇవ్వాలి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం కాగితం. ఒరిజినల్స్ అంటారు. జిరాక్సులు బస్తాడు ఉన్నా పనికిరావు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే తక్కిన కథంతా అర్థమవుతుంది.

ఆ ఏడు ఎండలు మాడ్చేశాయి. ఇప్పపూలు రాలడం అయిపోయి, తునికాకు తెంపే రోజులు. గూడెంలో పెద్దవాళ్ళంతా తెల్లవారకముందే అడవికి పోయి, మధ్యాహ్నానికి ఆకు మోపులతో వచ్చేవాళ్ళు. ఇంటర్ ఫలితాలు వచ్చిన నాలుగోనాడు తెల్లకారు వచ్చింది. దిగినాయన తెల్లచొక్కా, నుదుట నిలువుబొట్టు. నన్ను చూడగానే వంగి కాళ్ళకు మొక్కాడు. “రామయ్య దర్శనం చేస్కొని సక్కగ మీ ఇంటికే వస్తున్న అమ్మా,” అన్నాడు. ఇంకేం కావాలి నాకు! మజ్జిగ కలిపి ఇచ్చాను. మూడు గ్లాసులు తాగాడు. ఖమ్మం అవతల రోడ్డు పక్కన తమ కాలేజీ ఉందనీ, పేదపిల్లల కోసమే పెట్టారనీ చెప్పాడు. మేనకోడలు, దాని నేస్తం ఇద్దరూ తలుపు చాటున నిలబడి వింటున్నారు.

“సర్కారు సీటు వస్తదో రాదో ఎవరికెరుక అమ్మా? గందుకని ఇప్పుడే మా కాలేజీల సీటు ఆపిపెడ్త. ఫీజంత సర్కారే స్కాలర్‌షిప్పు కింద కడ్తది, మీకు పైస ఖర్చు లేదు. మీరు ఒరిజినల్స్ ఇస్తె చాలు. సర్కారు సీటు గిన వచ్చిందనుకో, ఒక్క ఫోను కొట్టున్రి, కాగితాలు నేనే తెచ్చి మీ చేతుల పెడ్త. పిల్లలు నా చెల్లెండ్ల లెక్క.” అంటూ ఇద్దరికీ చెరొక కొత్త సంచీ ఇచ్చాడు. సంచీ మీద కాలేజీ పేరు ఉంది.

తమ్ముడు మెడ గోక్కుంటూ, “సార్, ఒరిజినల్స్ ఇచ్చినట్టు ఏమన్న రసీదు గిట్ల ఇస్తరా?” అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. “ఇంటికొచ్చి కాళ్ళకు మొక్కిన మనిషిని రసీదు అడుగుతవారా?” అని కసిరాను. ఆయన నవ్వాడు. “అడగనియ్యమ్మా, తప్పేమున్నది? రసీదు పుస్తకం ఆఫీసుల ఉన్నది, పోస్టుల పంపిస్త.” సరిగ్గా అప్పుడే దూలం మీద బల్లి పలికింది. అదిగో, సత్యం పలికిందనుకుని నేల మీద మూడుసార్లు వేలితో తట్టి కృష్ణా కృష్ణా అనుకున్నాను. బల్లి ఎవరికి చెప్పిందో, ఏమని చెప్పిందో ఆలోచించలేదు. కారు వెనక సీటులో దుప్పటి కప్పిన మూట ఒకటి ఉంది. వేడిగాలికి దుప్పటి చెంగు లేచినప్పుడు లోపల కాగితాల అంచులు కనబడ్డాయి, బియ్యం బస్తా అంత ఎత్తున. ఎన్ని ఊళ్ళ పిల్లలవో! ఇంతమందికి మేలు చేస్తున్నాడే మహానుభావుడు అనుకుని లోలోపల ఇంకో దండం పెట్టాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. విలువైన కాగితం ఏది గడప దాటి పోవాలన్నా, శుభలేఖ గానీ, పట్టా పాసుబుక్కు గానీ, చివరికి తోటకు కరెంటు కావాలని పెట్టుకునే అర్జీ గానీ, నాలుగు మూలలకూ తడిపసుపు అంటించి పంపాలి. అప్పుడు పోయింది పోయినట్టు క్షేమంగా తిరిగి వస్తుందని మా అమ్మ చెప్పేది. కరెంటాఫీసులో ఒకాయన మా అర్జీ చూసి, “ఏందయ్యా, పెండ్లి కార్డు తెచ్చినవా?” అన్నాడట కూడా. దేవుడి గూట్లోంచి పసుపు గిన్నె తెచ్చి మేనకోడలి కాగితాలు ముందు పరుచుకున్నాను. అది ముఖం మాడ్చుకుని, “అత్తా, అవి ఒరిజినల్స్! ఖరాబైతయి,” అని గోల పెట్టింది. “ఏం కాదు, అంచుకే పెడ్త,” అని నాలుగు కాగితాలకూ నాలుగేసి మూలలు, ఓపిగ్గా, ఒక్కొక్కటీ ఊది ఆరబెట్టి పెట్టాను.

అప్పుడు ఆ పిల్ల ముందుకు వచ్చింది. చీరల కొట్టు కవరులోంచి తన కాగితాలు తీసి, రెండు చేతులా పట్టుకుని, “అత్తా, నాకు గూడ,” అంది. నా వేలు గిన్నెలోనే ఆగిపోయింది. మా అమ్మ ఇంకో మాట కూడా చెప్పేది. ఇంటి దేవుడి పసుపు ఇంటివాళ్ళకే, గడప దాటిస్తే ఇంటి కళ దాటిపోతుందని. పేరంటం పసుపు వేరు, దేవుడి గూట్లో పసుపు వేరు. పదమూడేళ్ళుగా మా ఇంట్లో తిని తిరిగిన పిల్ల. దానికి అన్నం పెట్టడానికి ఏనాడూ అడ్డు రాని ఆ మాట అప్పుడెందుకు అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. “మీ ఇంటి పెద్దలు పెట్టాలె బిడ్డా. మీ అమ్మతోని పెట్టించుకో,” అన్నాను. “మా అమ్మ ఆకుకు పోయింది అత్తా,” అంది. తెల్లచొక్కా ఆయన గడియారం చూసుకుని, “చాలమ్మా, ఇంక నాలుగు ఊర్లు తిరిగేదున్నది, జల్దీ,” అని దాని చేతిలోంచి ఆ కాగితాలు అందుకున్నాడు. తెల్లటివి తెల్లగానే పోయాయి. పిల్ల ఖాళీ కవరు మడిచి, మళ్ళీ మడిచి, గుప్పిట్లో పెట్టుకుంది. కారు రేపిన దుమ్ము ఆ ఎండలో చాలాసేపు వీధి మీదే నిలబడింది.

వానలు ముదిరాక, ఒక మంగళవారం ఇద్దరి సీట్లూ ఫోనులో వచ్చాయి. ఇద్దరికీ సర్కారు కాలేజీయే, ఇద్దరికీ ఒకటే కాలేజీ. హాస్టల్లో ఒకే గది అడగాలని, కిటికీ పక్క మంచం ఎవరిదని అప్పుడే కొట్లాట మొదలుపెట్టారు. శనివారం సాయంత్రం లోపల ఒరిజినల్స్‌తో రావాలి. తమ్ముడు ఆ తెల్లచొక్కా ఆయనకు ఫోను కొట్టాడు. స్విచాఫ్. గంట ఆగి కొట్టాడు, స్విచాఫ్. నేను సీటు వచ్చినందుకు దేవుడికి కొబ్బరికాయ కొట్టి, ఆ ముక్కలు పంచుతూ, “దర్శనంల ఉన్నడేమో, గుడిల ఫోను ఆపుతరు గద,” అన్నాను. తమ్ముడు నా ముఖం చూసి కొబ్బరి ముక్క నోట్లో పెట్టుకోకుండా పక్కన పెట్టాడు. బుధవారమంతా ఆ ఫోను అలాగే ఉంది. రసీదు పోస్టులో రాలేదని మాకు అప్పుడు గుర్తొచ్చింది.

గురువారం తెల్లవారుతూనే నలుగురం బయలుదేరాం. తమ్ముడు, నేను, పిల్లలిద్దరూ. ఆ పిల్ల తండ్రి వాగు దాకా వచ్చి, “నువ్వు పోతున్నవ్ గదక్కా, నేనొచ్చి ఏం మాట్లాడ్త? నాకు ఆఫీసోళ్ళ మాట రాదు,” అని ఆగిపోయాడు. అతను నన్ను నమ్మాడు, నేను ఆ తెల్లచొక్కాను నమ్మినట్టే. వాగు మీద చప్టా దాటేటప్పుడు నీళ్ళు ఆటో చక్రాల సగానికి ఉన్నాయి. భద్రాచలం వంతెన మీద బస్సు నెమ్మదిగా పోయింది. కింద గోదారి మట్టిరంగులో, చప్పుడు లేకుండా, పెద్ద పెద్ద దుంగల్ని తిప్పుకుంటూ పోతోంది. కరకట్ట మీద మైకులో మొదటి ప్రమాద హెచ్చరిక చెబుతున్నారు. ఏ నీటికైనా మొక్కేదాన్ని, ఆనాడు చేతులు జోడించాను గానీ ఏమని మొక్కాలో తోచలేదు. వెనక సీటులో పిల్లలిద్దరూ ఒకే గొడుగు పట్టుకుని నిద్రపోయారు.

కాలేజీ పొలాల మధ్య ఉంది. నాలుగంతస్తులు, రంగు బాగుంది, పిల్లలు ఎక్కడా కనబడలేదు. ఆఫీసు గదిలో మాత్రం పది పన్నెండు మంది తల్లిదండ్రులు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. పినపాక వైపువాళ్ళు కొందరు, ఇంకెక్కడెక్కడివాళ్ళో. అందరి చేతుల్లోనూ ఫోన్లు, అందరిదీ ఒకే ముఖం. కిటికీ వెనక ఉన్న గుమాస్తా ఎవరి వంకా చూడడు. తమ్ముడు సంగతంతా చెప్పాడు.

“టీసీ మాకిచ్చిండ్రంటే ఇక్కడ చేరినట్టే. పోవాల్నంటే నాలుగేండ్ల ఫీజు కట్టి పోవాలె,” అన్నాడు గుమాస్తా.

“ఫీజంత స్కాలర్‌షిప్పే అంటిరి గద సార్?”

“చదివితె స్కాలర్‌షిప్పు. పోతె ఫీజు.”

తమ్ముడికి కోపం వచ్చింది. “గట్ల మీ మనిషి చెప్పలే. కలెక్టరాఫీసుకు పోత,” అన్నాడు. గుమాస్తా అప్పుడు తలెత్తి, చాలా మెత్తగా, “పోండి. అసలు మీ కాగితాలు మా దగ్గరున్నయని దాఖలా ఏంది? రసీదు ఏది?” అన్నాడు. గదిలో ఉన్న వాళ్ళందరూ మా వంక చూశారు. తమ్ముడు నా వంక చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. “ఉంటె మీరే చూపెట్టున్రి. లేనివి యాడికెల్లి తెచ్చియ్యాలె?” అంటూ గుమాస్తా లేచి, విసుగ్గా వెనకనున్న ఇనుప బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచాడు.

నాలుగు అరలు. ప్రతి అరలోనూ పురికొసతో కట్టిన కట్టలు, ఒకదాని మీద ఒకటి, పైదాకా. అంచులన్నీ తెల్లగా, ఎడం లేకుండా, గోడ కట్టినట్టు ఉన్నాయి. ఒక్కొక్క కాగితం వెనక ఒక్కొక్క పిల్ల. దుప్పటి కింద చూసి నేను మొక్కింది దీనికేనా అనుకున్నాను. కిటికీ చువ్వ పట్టుకున్నాను.

“అత్తా! అగో!” అని మేనకోడలు అరిచింది.

మూడో అరలో, కింది నుంచి రెండో కట్టలో, అంత తెలుపు మధ్య నాలుగు కాగితాల మందాన పసుపు మూల. మూడు నెలలైనా వెలిసిపోలేదు. “అది మా ఇంటి పసుపు. దియ్యి నాయనా, దాని మీద మా పిల్ల పేరుంటది,” అన్నాను. గుమాస్తా, “పసుపు ఎవరైన పెడ్తరు,” అని గొణిగాడు గానీ, వెనక నిలబడ్డవాళ్ళు అప్పటికే కిటికీ మీదికి వచ్చేశారు. “లేవన్నవ్ గద, తియ్యి, చూద్దాం!” అని ఒకాయన. “మా వాళ్ళయి గూడ తియ్యి!” అని ఇంకొకామె. కట్ట లాగక తప్పలేదు. పేరు ఉంది. అంతమంది ఎదుట లేదన్నది ఉన్నట్టు తేలాక, లోపలి గదిలోకి పోయి వచ్చి, తండ్రి చేత సంతకం పెట్టించుకుని, చప్పుడు పెరగకముందే ఆ నాలుగు కాగితాలూ తమ్ముడి చేతిలో పెట్టి బీరువా మూసేశాడు.

నేను ఆ పిల్లను ముందుకు తోసి, “ఈ బిడ్డవి గూడ దాంట్లనే ఉన్నయి. ఒకే కారుల వచ్చినయి,” అన్నాను. “యాడ? చూపెట్టు,” అన్నాడు. ఏం చూపించను? “వంద కట్టలు విప్పాల్నా నేను? రేపు తండ్రిని తోల్కరా, వెతుకుతం.” ఎంత బతిమాలినా అదే మాట. ఆ పిల్ల మూసిన బీరువా వంకే చూస్తూ, నాకొక్కదానికే వినబడేలా అంది. “మావి తెల్లగున్నయి గద అత్తా.”

తప్పు పట్టినట్టు అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. అదే ఇన్నేళ్ళూ నన్ను పట్టుకుంది.

తమ్ముడు, మేనకోడలు అక్కడి నుంచే సర్కారు కాలేజీకి బస్సెక్కారు. నేను ఆ పిల్లను తీసుకుని దాని తండ్రి కోసం వెనక్కి బయలుదేరాను. దారి పొడుగునా, “దేవుడున్నడు బిడ్డా, రేపు దొరుకుతయి,” అంటూనే ఉన్నాను. అది తలూపుతూనే ఉంది. భద్రాచలం చేరేసరికి వానలో దారి కనబడడం లేదు. ఆటోవాడు మమ్మల్ని వాగు దాకా తెచ్చి ఆగిపోయాడు. చప్టా లేదు. పొద్దున మేం దాటిన చోట గోదారి ఎగదన్నిన నీళ్ళు, అటు చెట్ల మొదళ్ళ దాకా. వాన కాస్త తెరిపిచ్చింది, సాయంత్రపు వెలుగు ఇంకా ఉంది. అవతలి గట్టున తలకు గోనెసంచి కప్పుకుని దాని తండ్రి నిలబడి ఉన్నాడు, మా కోసం చూస్తూ. ఈ పిల్ల రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని కోయమాటలో కేకలు వేసింది. నాకు ఆ మాట రాదు. నీళ్ళ హోరులో దాని తండ్రికీ వినబడలేదు. కాగితాలు దొరికాయని చెబుతున్నదనుకుని అక్కడి నుంచి చెయ్యి ఎత్తి సంతోషంగా ఊపాడు. ఆ చెయ్యి ఊపడం చూసి పిల్ల కేకలు ఆపేసింది.

వాగు ఆదివారం దిగింది.

మేనకోడలు చదువుకుంది. ఇప్పుడు పినపాక దగ్గర రైతులకు విత్తనాల సంగతి, తెగుళ్ళ సంగతి చెప్పే సర్కారు ఉద్యోగం చేస్తోంది. వాళ్ళ నాన్న మిర్చితోటలో తప్పులు పట్టడం దాని ఆదివారపు పని. ఆ పిల్ల కాగితాలు ఎక్కడున్నాయో అక్కడికే పోయింది. పోక ఏం చేస్తుంది? ఆ నాలుగంతస్తుల కాలేజీలో ఏదో డిగ్రీలో వేశారు. మొదట్లో పండగలకు వచ్చేది. అడిగితే, “బాగనే ఉన్నది అత్తా,” అనేది. తర్వాత రావడం తగ్గింది. మా అరుగు ముందు నుంచి పోతూ కూడా ఆగకపోతే, నేను లోపల పనున్నట్టు ఉండిపోయిన రోజులూ ఉన్నాయి.

మొన్న గురువారం వచ్చింది. కూర్చోమని మజ్జిగ ఇచ్చాను. చేతులకు అదొక్కటే తెలుసు. “నీ కాగితాలు నీకిచ్చిన్రా?” అని అడిగాను. “ఆరేండ్లకిచ్చిండ్రు అత్తా. సర్కారు నుంచి స్కాలర్‌షిప్పు పూర్తిగ రాలేదని చదువైనంక రెండేండ్లు ఆపిండ్రు. గీ పని చేస్తె ఇస్తమన్నరు, చేసిన. ఇచ్చిండ్రు. ఇగ గీ పనే వచ్చె.” గ్లాసు కింద పెట్టి, మామూలుగా అడిగినట్టే అడిగింది. “ఈ యేడు మీ ఊర్ల ఇంటర్ ఎవరు పాసైన్రు?”

మా పక్కింటి పిల్ల గోడకవతల బట్టలు ఆరేస్తూ పాట పాడుతోంది. మాకు వినబడుతోంది. “ఎవ్వరు పాస్ కాలే బిడ్డా,” అన్నాను. నా జన్మలో అంత తడుముకోకుండా అబద్ధమాడలేదు. దానికి తెలిసిపోయింది. తలొంచుకుని నవ్వింది. ఒళ్ళో ఉన్న ఫైలు తెరిచి ఉంది, అప్పటికే మూడు ఊళ్ళ కాగితాలు అందులో ఉన్నాయి. “ఇవన్న తిరిగి ఇచ్చెయ్యి తల్లీ,” అన్నాను.

“నేనిస్తె రేపు ఇంకొకడొస్తడత్తా. నేనైతె ఏ కట్ట ఏ అరల ఉన్నదో యాదుంచుకుంట. అడిగినోళ్ళకు రసీదు గూడ ఇస్తున్న.”

“ఎవరన్న అడిగిన్రా?”

ఖాళీ గ్లాసు వంక చూస్తూ అంది. “ఎవరడుగుతరత్తా. మజ్జిగిస్తరు.”

నేను లేచి లోపలికి పోయాను. దేవుడి గూట్లో పసుపు గిన్నె తీసి, నాలుగు చుక్కలు నీళ్ళు కలిపి తెచ్చాను. గిన్నె చూసి ఆ పిల్లే ఫైలు నా ఒళ్ళోకి జరిపింది. ముక్కూ మొహం తెలియని పిల్లలు, పేర్లు చదివితే కొన్ని నోరు తిరగలేదు. ఒక్కొక్క కాగితానికీ నాలుగు మూలలు పెట్టాను, ఒక్కొక్కటీ ఊదాను. బయట డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. “ఆగు,” అని అది లోపలి నుంచే కసిరింది. గిన్నె అడుగంటింది, వేలు పెట్టి గీకాను. చివరికి మిగిలిన కాస్తా దాని మెడలో వేలాడే కార్డు పట్టుకుని, ఆ మూలకు అంటించాను. అప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంది.

కారు పోయాక దీపం దగ్గర కూర్చున్నాను. అబద్ధమాడినందుకు క్షమించమన్నాను, ఆ పిల్ల మళ్ళీ మా గడప తొక్కినందుకు దండం పెట్టాను. ఆ బీరువా ఇంకా అక్కడే ఉందని, ఈ సాయంత్రానికి ఈ కాగితాలు కూడా అందులోకే పోతాయని తెలిసే పెట్టాను. కనీసం కనబడతాయి. ఆ ఎండాకాలం నాలుగు కాగితాలకు పసుపు పెట్టడం నిమిషం పని. ఆ నిమిషం దగ్గరికి చేరడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.